ఆ పొరను గీకేసిందెవరు?

"విత్తనం మంచిదేనమ్మా, భూమే బాగాలేదు."

సంతాన సాఫల్య కేంద్రాల మెట్లెక్కిన ఆడవాళ్లలో ఈ మాట విన్నవాళ్లు ఎందరో. స్కాన్ గదిలోంచి బయటికొచ్చి బట్టలు సర్దుకునే లోపే ఫైలు చేతిలో పెట్టి చెప్పేస్తారు. ఎంబ్రియోలు బాగున్నాయట, గ్రేడు బాగుందట, ఫ్రీజ్ చేసి భద్రంగా ఉంచారట. గర్భసంచి లోపలి పొర మాత్రం 5.8 మిల్లీమీటర్ల దగ్గరే ఆగిపోయిందట. ఈ నెల ట్రాన్స్‌ఫర్ లేదు. మాత్రల డోసు పెంచుతాం, బీట్‌రూట్ తినండి, దానిమ్మ తినండి, టెన్షన్ పెట్టుకోకండి, వచ్చే నెలసరి రెండో రోజున రండి. అంతే, తర్వాతి టోకెను పిలుస్తారు.

భూమి బాగాలేదట! మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని అనదగ్గ మాటేనా ఇది? సరే, అన్నారు. అన్నవాళ్లు ఆ తర్వాత వేయాల్సిన ప్రశ్నలు ఎందుకు వేయరు? ఈ పొర ఇంత పలచగా ఎందుకుంది? ఇంతకుముందు గర్భసంచి కడిగించారా? ఎన్నిసార్లు, ఎక్కడ, దేనితో? ఆ తర్వాత నెలసరి తగ్గిందా? ఇంట్లో ఎవరికైనా క్షయ వచ్చిందా? ఇవన్నీ అడగడానికి పది నిమిషాలు చాలు. ఆ పది నిమిషాలు ఇచ్చేవాళ్లు లేక ఏళ్లకి ఏళ్లు పోగొట్టుకుంటున్న ఆడవాళ్లని చూసి చూసి, కడుపు మండి రాస్తున్నాను.

ముందు ఆ పొర సంగతి చెప్పాలి. మన ఆడపిల్లలకి బడిలో చెప్పరు, పెళ్లయ్యాక అసలే చెప్పరు. గర్భసంచి లోపలి గోడకి ఉండే ఈ పొరలో రెండు అరలుంటాయి. పై అర నెలనెలా పెరిగి, గర్భం నిలవకపోతే రాలిపోయి, బహిష్టుగా బయటికి పోతుంది. అడుగున కండరాన్ని అంటిపెట్టుకుని ఉన్న అర రాలదు. వచ్చే నెల కొత్త పొర మొలిచేది దాని నుంచే. అండం విడుదలయ్యే సమయానికి స్కాన్‌లో ఈ పొర 7, 8 మిల్లీమీటర్లు దాటి మూడు గీతలుగా కనబడితే సంతోషిస్తారు. 7 లోపు ఉంటే లైనింగ్ పలచన అంటారు. పై అర ఎన్ని నెలలు రాలినా ఫరవాలేదు, అడుగు అర ఉన్నంతకాలం తిరిగి వస్తుంది. అడుగు అరకి దెబ్బ తగిలితే మాత్రం అక్కడ మచ్చ కడుతుంది, ముందు గోడా వెనక గోడా ఒకదానికొకటి అతుక్కుంటాయి. మచ్చ కట్టిన చోట ఎన్ని హార్మోన్ మాత్రలు మింగినా ఏదీ మొలవదు.

ఇక్కడే ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీన్ని దాచి భయపెడుతున్నారు. కెనడాలో 40 వేలకు పైగా ఎంబ్రియో ట్రాన్స్‌ఫర్ల లెక్కలు తీసి 2018లో ప్రచురించారు. తాజా పిండాన్ని పెట్టినప్పుడు, పొర 8 మిల్లీమీటర్లో అంతకన్నా ఎక్కువో ఉంటే నూటికి దాదాపు 34 ట్రాన్స్‌ఫర్లలో బిడ్డ పుట్టింది. 5కీ 6కీ మధ్య ఉన్నప్పుడు 18లో పుట్టింది. తగ్గిన మాట నిజమే. కానీ 18 మంది తల్లులయ్యారు కదా! ఆ అంకె చూపించి "నీకిక అవకాశం లేదు" అనడానికి ఎవరికీ హక్కు లేదు. మందం ఒక్కటే చూసి నెల తర్వాత నెల సైకిల్ రద్దు చేస్తూ పోవాలా, ఉన్నదానితో ప్రయత్నించాలా అన్నది ఆ స్త్రీతో కూర్చుని, లెక్క ఆమె ముందు పెట్టి తేల్చాల్సిన విషయం. ఆమె ముందు లెక్క పెట్టేవాళ్లేరీ?

పుట్టుకతోనే పొర పలచగా ఉండే స్త్రీలున్నారు. ఎంత వెతికినా కారణం దొరకనివాళ్లూ ఉన్నారు. వాళ్ల విషయంలో వైద్యులు నిస్సహాయులైతే అర్థం చేసుకుంటాను. నా కోపం కారణం ఉన్నచోట, ఆ కారణం ఒక ఆసుపత్రి బల్ల మీద జరిగిన చోట.

మా పిన్ని కూతురి సంగతి చెబుతాను. మొదటి కడుపు. రెండు నెలలు దాటాక స్కాన్‌లో గుండె చప్పుడు లేదన్నారు. ఆ పట్టణంలో పేరున్న నర్సింగ్ హోమే. ఆ సాయంత్రమే మత్తిచ్చి "క్లీన్" చేసి పంపించారు. ఆగి చూడవచ్చనీ, మాత్రలతోనూ అవుతుందనీ ఎవరూ చెప్పలేదు. రక్తస్రావం ఆగకపోతే కొన్నాళ్లకి మళ్లీ తీసుకెళ్లారు, మళ్లీ గీకారు. ఆ తర్వాత ఆమెకి నెలసరి మరకలుగా మారిపోయింది. ఒక రోజు కనబడి పోయేది. పొత్తికడుపులో మాత్రం నెలనెలా నొప్పి. అదే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి చెబితే, "తక్కువైతే మంచిదేగా, ఒంట్లో రక్తం మిగులుతుంది" అని నవ్వి పంపేసింది. ఆ నవ్వు నాకు ఈ రోజుకీ చెవిలో వినబడుతుంది. కడిగించుకున్న తర్వాత నెలసరి ఒక్కసారిగా తగ్గిపోవడం, నొప్పి మాత్రం ఉండటం, ఇవి గర్భసంచి లోపల గోడలు అతుక్కుంటున్నాయనడానికి గుర్తులని వైద్యవిద్యార్థి కూడా చదువుకుంటాడు. ఆ పూటే పట్టించుకుని ఉంటే పరిస్థితి అంతదాకా పోయేది కాదేమో.

ఏళ్ల తర్వాత హైదరాబాద్‌లో ఒకరు కెమెరా గొట్టం పెట్టి చూశారు. లోపల అతుకులు. అప్పటికి ఆమె ఐయూఐలు దాటి, ఐవీఎఫ్ దాటి, పుస్తెలతాడు తాకట్టు కూడా దాటింది. పాత కేస్ షీట్ కావాలని మొదటి నర్సింగ్ హోమ్‌కి వెళితే రికార్డులు లేవన్నారు. వైద్యుల నడవడి గురించి 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం రోగి రికార్డు మూడేళ్లు ఉంచాలి, అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మూడేళ్లు! కడుపు పోయిన అమ్మాయి కోలుకుని, మళ్లీ ప్రయత్నించి, కాకపోతే చుట్టాల సలహాలన్నీ విని, చివరికి పెద్ద ఆసుపత్రికి చేరేసరికి ఆ గడువు దాటిపోతుంది. ఆమెకి అవసరమయ్యే నాటికి కాగితం చింపేయడానికి నిబంధనే అనుమతిస్తోంది. ఈ నిబంధన రాసినవాళ్లలో ఒక్కరికైనా ఇలాంటి స్త్రీ గుర్తొచ్చిందా?

గర్భసంచి గోడలు ఇలా అతుక్కోవడం కొత్తగా తెలిసిన జబ్బేమీ కాదు. 1894లోనే జర్మన్ వైద్యుడు హైన్రిష్ ఫ్రిట్ష్ ఇలాంటి కేసు రాశాడు. 1948లో జోసెఫ్ ఆషర్‌మన్ 29 మంది స్త్రీల వివరాలు ప్రచురించాడు. కాన్పు తర్వాతో గర్భస్రావం తర్వాతో గీకించుకుని, ఆపైన బహిష్టులు ఆగిపోయినవాళ్లు. ఆయన పేరే జబ్బుకి పెట్టారు. కాన్పయిన తొలి నెలలో గర్భసంచి మెత్తగా ఉంటుంది కనుక అప్పుడు గీకితే ప్రమాదం మరీ ఎక్కువని అందరికీ తెలుసు. క్యూరెట్ అనే పదునైన పరికరంతో గీకడానికి కాలం చెల్లిపోయిందనీ, దాని బదులు గాలి పీడనంతో లాగే పద్ధతి గానీ మాత్రలు గానీ వాడాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో తేల్చిచెప్పింది. మన కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలూ అదే చెబుతున్నాయి. లాగే పద్ధతికి కావాల్సింది చేత్తో నడిపే ఒక ప్లాస్టిక్ సిరంజి, దానికో మెత్తటి గొట్టం. కరెంటు కూడా అక్కర్లేదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో శిక్షణ పొందిన డాక్టరు చేయగల పని.

అయినా మన ఊళ్లలో "డి అండ్ సి" (గర్భసంచిని గీకడం) అన్న మాట ఇంకా కిరాణా చీటీలో సరుకు పేరంత మామూలుగా వినబడుతోంది. కడుపు పోతే డి అండ్ సి. బహిష్టు క్రమం తప్పితే డి అండ్ సి. మందుల షాపులో మాత్రలు కొని మింగి సగం పోయి సగం మిగిలితే డి అండ్ సి. ఇక అన్నిటికన్నా దారుణం, పెళ్లై రెండేళ్లు దాటి పిల్లలు లేరంటే "ముందు ఒకసారి గర్భసంచి కడిగేద్దాం, శుభ్రపడితే నిలుస్తుంది" అనడం. పిల్లలు కావాలని వచ్చిన అమ్మాయి గర్భసంచినే ఏ నిర్ధారణా లేకుండా గీకడం! అత్తగారు చెబుతుంది, పక్కింటావిడ చెబుతుంది, "మా కోడలికి కడిగించాక నిలిచింది" అని సాక్ష్యం కూడా ఇస్తుంది. వాళ్లకి తెలియదు, వాళ్లని నేనేమీ అనను. చదువుకున్న వైద్యుడు ఆ మూఢనమ్మకానికి ఆపరేషన్ థియేటర్ తలుపు తెరిస్తే దాన్ని ఏమనాలి?

ఇంతకీ ఆ గదిలో జరిగింది ఏమిటో ఆమెకి చెబుతారా? సంతకం పెట్టేది భర్త. మాట్లాడేది మామగారితో. మత్తులోంచి లేచిన అమ్మాయికి "అయిపోయిందమ్మా, రేపు వెళ్లిపోవచ్చు" అన్న ఒక్క మాట. దేనితో చేశారు, ఎందుకు చేశారు, నెలసరి తగ్గితే వెంటనే రావాలి, ఈ నాలుగు ముక్కలు రాసిన కాగితం ఆమె చేతికి రాదు. అందుకే పదేళ్ల తర్వాత "ఇంతకుముందు ఏమైనా ప్రొసీజర్ జరిగిందా?" అని ఎవరైనా అడిగినా ఆమె "లేదండీ, ఒకసారి క్లీనింగ్ చేశారంతే" అంటుంది. అంతే అట! ఆ "అంతే"లోనే ఆమె మాతృత్వం చిక్కుకుని ఉంది.

క్షయ సంగతికి వస్తాను. ప్రపంచంలోని క్షయ రోగుల్లో నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. దగ్గు ఉంటేనే క్షయ అనుకుంటాం. ఆడవాళ్లలో అది చప్పుడు లేకుండా గర్భనాళాల్లోకి, అక్కడి నుంచి గర్భసంచి పొరలోకి దిగుతుంది. జ్వరం ఉండకపోవచ్చు, బరువు తగ్గకపోవచ్చు. కనబడేది ఒక్కటే, పిల్లలు పుట్టకపోవడం. అడుగు అరని తినేశాక మందులు వాడినా పొర తిరిగి రాదు. అందుకే తొందరగా కనిపెట్టడం ప్రాణప్రదం. మరి చేసేదేమిటి? గర్భసంచి పొర నుంచి ముక్క తీసి, మొత్తం ఫార్మలిన్ సీసాలో పడేసి ల్యాబ్‌కి పంపుతారు. ఫార్మలిన్‌లో పడ్డ ముక్కని కల్చర్ చేయడం కుదరదు, క్రిమి చచ్చిపోతుంది. ఒక ముక్క సెలైన్‌లో వేరే పంపాలని తెలియదా? తెలుసు. అంత శ్రద్ధ ఎవరికుంది! ఇంకోవైపు, ఒక్క పీసీఆర్ పరీక్ష పాజిటివ్ వస్తే చాలు, వేరే ఏ ఆధారమూ చూడకుండా ఆరు నెలల క్షయ మందులు రాసిచ్చేవాళ్లూ ఉన్నారు. ఆ పరీక్ష ఒక్కటే నమ్మదగ్గది కాదు. జబ్బు ఉన్నవాళ్లకి ఆలస్యం, లేనివాళ్లకి కాలేయాన్ని దెబ్బతీయగల మందులు. రెండింటి వెనకా ఉన్నది ఒకే నిర్లక్ష్యం. క్షయ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. పరీక్ష సరిగా చేయించే బాధ్యత కూడా దానిదే కదా?

క్లోమిఫీన్ గురించి ఒక్క మాట. అండాలు పెరగడానికి ఇచ్చే ఈ మాత్ర కొందరిలో గర్భసంచి పొరని పలచన చేస్తుంది, ఈస్ట్రోజన్ పనిని అడ్డుకునే గుణం దానికుంది. స్కాన్ లేకుండా నెలల తరబడి దీన్ని మింగించే ఆర్‌ఎంపీలు, చీటీ లేకుండా అమ్మే మందుల షాపులు మన పల్లెల్లో తక్కువా? పీసీఓడీ ఉన్న స్త్రీలకి లెట్రోజోల్ దీనికన్నా మెరుగైన ఫలితమిస్తుందని 2014లో అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం చెప్పింది. మన దేశంలో 2011లోనే దాన్ని సంతాన చికిత్సకి వాడరాదని నిషేధించి కూర్చున్నారు, ఏళ్ల తర్వాత గాని ఎత్తేయలేదు.

ఇప్పుడు ఆశల అంగడి సంగతి చూడండి. పొర పెరగడం లేదని తేలిన దగ్గర నుంచి ఆమె ముందు ఒక్కొక్కటే పెడతారు. ఈస్ట్రోజన్ మాత్రలు, పట్టీలు. ఇది అందరూ వాడే పద్ధతే, అర్థముంది, అయితే రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉందా అని ముందు అడగాలి. ఆ తర్వాత సిల్డెనఫిల్. మగవాళ్ల సమస్యకి వాడే మందే, రక్తప్రసరణ పెంచుతుందని. ఆ పైన క్యాన్సర్ రోగులకి తెల్ల రక్తకణాలు పడిపోయినప్పుడు ఇచ్చే జీసీఎస్‌ఎఫ్ ఇంజెక్షన్, నేరుగా గర్భసంచిలోకి. తర్వాత పీఆర్‌పీ, ఆమె రక్తమే తీసి యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు వేరుచేసి లోపలికి ఎక్కించడం. ఇంకా డబ్బుంటే మూలకణాలు.

వీటి పునాది ఎంతో తెలుసా? సిల్డెనఫిల్ గురించి 2000లో వచ్చిన తొలి నివేదికలో ఉన్నది నలుగురు స్త్రీలు. జీసీఎస్‌ఎఫ్ గురించి 2011లో వచ్చినదాంట్లోనూ నలుగురే. పీఆర్‌పీకి 2015లో ఐదుగురు. చిన్న ప్రయత్నంతో మొదలుపెట్టడం తప్పు కాదు, శాస్త్రం అలాగే నడుస్తుంది. కానీ జీసీఎస్‌ఎఫ్‌ని మొదలుపెట్టిన బృందమే 2014లో 141 మంది మామూలు ఐవీఎఫ్ స్త్రీల మీద సరైన పద్ధతిలో పరీక్షించి, పొర మందంలో గానీ గర్భం నిలవడంలో గానీ తేడా లేదని నిజాయితీగా ప్రకటించింది. ఆ నిజాయితీ మన కౌన్సెలింగ్ గదుల దాకా ఎందుకు రాలేదు? కావాలని పొరని గీరితే పిండం బాగా అతుక్కుంటుందని కొన్నేళ్లు ప్రపంచమంతా గీరారు. 2019లో 1364 మంది స్త్రీలతో చేసిన పరీక్షలో, గీరినవాళ్లలోనూ గీరనివాళ్లలోనూ బిడ్డ పుట్టినవాళ్లు సరిగ్గా 26.1 శాతమే అని తేలింది. యూరప్‌లోని సంతాన చికిత్స నిపుణుల సంఘం ఈష్రే 2023లో ఇలాంటి అదనపు చికిత్సల్లో చాలావాటిని అందరికీ వాడవద్దని చెప్పింది. అనుమతి పొందిన పరిశోధనలో భాగంగా తప్ప రోగుల మీద మూలకణాలు ప్రయోగించడం వైద్య దురాచారమని మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ మార్గదర్శకాలే అంటున్నాయి.

పీఆర్‌పీ రేపు పనికొస్తుందని తేలవచ్చు. కొందరికి ఇప్పటికే ఉపయోగపడి ఉండవచ్చు. వేరే దారి లేని స్త్రీ తెలిసి ప్రయత్నిస్తే నేను అడ్డుపడను. "తెలిసి" అన్న ఆ ఒక్క షరతే కావాలి. "ఇది ఇంకా రుజువు కాలేదమ్మా, పని చేయవచ్చు, చేయకపోవచ్చు, ఇంత ఖర్చు" అని ముఖం మీద చెప్పాలి. పరిశోధన అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. చికిత్స అయితే ఫలితం ఎంతో చూపించాలి. మన దగ్గర అది రెండూ కాకుండా, బిల్లులో ఒక వరుసగా మాత్రం ఉంటోంది. ఒక్క ఐవీఎఫ్ సైకిల్‌కి లక్షన్నర నుంచి రెండున్నర లక్షలవుతున్న చోట, పొలం అమ్ముకుని వచ్చిన ఆ దంపతులు ఏ వరుసని ప్రశ్నించగలరు? డాక్టరు దేవుడని నమ్మి వచ్చినవాళ్లు వాళ్లు.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సిన పనిని మాత్రం చివరికి నెడుతున్నారు. పాత గాయం ఉందన్న అనుమానం రాగానే హిస్టరోస్కోపీ చేసి, అంటే కెమెరా గొట్టం పెట్టి, కంటితో చూస్తూ అతుకుల్ని సన్నటి కత్తెరతో విడదీసి, మళ్లీ అతుక్కోకుండా జాగ్రత్తలు తీసుకుని, కొన్ని వారాల తర్వాత మళ్లీ చూడాలి. స్వల్పంగా ఉన్నవాళ్లలో మంచి ఫలితాలుంటాయి. తీవ్రంగా ఉంటే అతుకులు తిరిగి రావచ్చు, అదీ ముందే చెప్పాలి. అలా గర్భం నిలిచిన స్త్రీకి కాన్పులో మాయ గర్భసంచి గోడలోకి చొచ్చుకుపోయే ప్రమాదం ఎక్కువ. ప్రాణాంతకమైన రక్తస్రావానికి దారితీసేది అది. ఎంబ్రియో నిలవగానే మిఠాయిల పెట్టెతో ఫొటో తీసి పంపించేస్తే సరిపోదు, కాన్పు చేయబోయే ఊరి డాక్టరుకి ఈ సంగతి ఉత్తరం రాసి ఇవ్వాలి. ఎంతమంది రాస్తున్నారు?

ఇంట్లో జరిగేది నేను ప్రత్యేకం వర్ణించక్కర్లేదు. లోపం ఎవరిదని తేలకముందే గొడ్రాలన్న పేరు ఎవరికి పడుతుందో, సీమంతాలకి ఎవరిని పిలవరో, రెండో పెళ్లి మాట ఎవరి చెవిన పడేలా ఎత్తుతారో మనందరికీ తెలుసు. "పొర పలచన" అన్న మాట ఆ ఇంటికి చేరగానే అది తీర్పుగా మారిపోతుంది. ఆ పొరని పలచన చేసింది ఎవరన్న ప్రశ్న ఆ ఇంట్లోనూ ఎవరూ అడగరు.

ఇదే దేశంలో, 1978 అక్టోబరు 3న కలకత్తాలో మన తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ దుర్గ పుట్టింది, ప్రపంచపు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ పుట్టిన 70 రోజులకి. దాని వెనకున్న డాక్టర్ సుభాష్ ముఖర్జీ, ఇంజెక్షన్లు ఇచ్చి అండాలు తీసిన నెలలోనే పిండాన్ని గర్భసంచిలో పెట్టేయలేదు. 53 రోజులు గడ్డకట్టించి దాచి, మరో నెల దాకా ఆగి పెట్టాడు. గర్భసంచి సిద్ధమయ్యే దాకా పిండాన్ని ఆపడమే ఈ రోజు ప్రపంచమంతా చేస్తున్న పని. ప్రభుత్వం వేసిన కమిటీ ఆయన్ని నమ్మలేదు, ప్రభుత్వం విదేశంలో జరిగే సదస్సుకి వెళ్లనివ్వలేదు, చివరికి కంటి విభాగానికి బదిలీ చేసింది. 1981 జూన్ 19న ఆయన ప్రాణం తీసుకున్నాడు. ఆడవాళ్ల గర్భసంచి గురించి ఓపికగా ఆలోచించిన మనిషికి ఈ దేశం ఇచ్చిన బహుమతి అది. ఇప్పుడు ఆయన పద్ధతి మీద నిలబడి ఊరూరా హోర్డింగులు కట్టుకున్నవాళ్లు ఆయన ఓపికలో పిసరంతైనా చూపించలేరా?

ప్రభుత్వాల్ని ఏమని అడగాలి! ఆయుష్మాన్ భారత్‌లో సంతాన చికిత్సలు లేవు, మినహాయింపుల జాబితాలో పెట్టారు. సంతాన చికిత్సల్ని నియంత్రించే 2021 నాటి ఏఆర్‌టీ చట్టం 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. గెలుపు అవకాశాలు, ఖర్చు, దుష్ప్రభావాలు దంపతులకి వివరించి చెప్పాలని అందులో స్పష్టంగా ఉంది. ఆ చట్టం కాగితాన్ని ఎన్ని కౌన్సెలింగ్ గదుల్లో చదివారో తనిఖీ చేసే నాథుడు కావాలి. 2023 అక్టోబరులో గాంధీ ఆసుపత్రిలో ప్రభుత్వ ఐవీఎఫ్ కేంద్రాన్ని ప్రారంభించారు, సంతోషం. ఆదిలాబాద్ అమ్మాయి స్కాన్ స్కాన్‌కీ సికింద్రాబాద్ ఎలా వస్తుంది? శ్రీకాకుళం అమ్మాయి ఎక్కడికి వెళ్లాలి? కనీసం హిస్టరోస్కోపీ ప్రతి బోధనాసుపత్రిలోనూ నడవాలి కదా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 శాతం, తెలంగాణలో 8 శాతం. దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు. కోసి పారేయడానికి మన దగ్గర ఎప్పుడూ థియేటర్ ఖాళీగా ఉంటుంది. లోపల చూసి బాగుచేయడానికే ఉండదు.

చెల్లెళ్లారా, కడుపు పోయిన రోజు దుఃఖంలో ఏదీ అడగాలనిపించదు, నాకు తెలుసు. ఆ రోజు మీ పక్కన ఉన్నవాళ్లతో అడిగించండి. ఆగి చూడవచ్చా, మాత్రలతో అవుతుందా, తప్పనిసరైతే గీకకుండా లాగే పద్ధతి ఉందా అని. ఏం చేశారో రాసిన కాగితం తీసుకోకుండా ఆసుపత్రి గడప దాటకండి, దాన్ని పెళ్లి ఫొటోలంత భద్రంగా దాచుకోండి. తర్వాత నెలసరి తగ్గితే మంచిదే అని ఎవరు నవ్వినా నమ్మకండి. పొర పలచన అన్నప్పుడు "ఎందుకు?" అని అడగండి, జవాబు వచ్చే దాకా కుర్చీలోంచి లేవకండి.

డాక్టరు గార్లూ, మీలో మంచివాళ్లు ఎందరో ఉన్నారు, మా పిన్ని కూతురి లోపల ఏముందో చివరికి కనిపెట్టిందీ మీలో ఒకరే. ఆయన చేసింది అద్భుతమేమీ కాదు, ఆమె చెప్పింది కూర్చుని విన్నాడు. క్యూరెట్ ట్రేని మీ థియేటర్లలోంచి తీసేయండి. ఆ ప్లాస్టిక్ సిరంజి మన దేశంలోనే దొరుకుతుంది, ప్రభుత్వ మార్గదర్శకాల్లోనే ఉంది. ఈ రోజు మీ వార్డులో చేరిన అమ్మాయి నుంచే అది వాడటం మొదలుపెట్టండి.